ఉయ్యాలలో ఎవరున్నారు?

ముందే ఒక మాట చెప్పుకుంటాను. ఇది చదివాక బాన్సువాడ బజార్లో నేను కనిపిస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. వేలు పెట్టి మాత్రం చూపించకండి. పట్టపగలు, మా ఇంటి ముందుగదిలో, ముగ్గురు ఆడవాళ్లు చూస్తుండగా నా పరువు దబ్బున నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి మంచం కింద దూరిన కథ ఇది. దొర్లుకుంటూ అని మాట వరసకు అనడం లేదు. నిజంగానే దొర్లింది.

మా బాబు పుట్టిన రెండో నెలలో నాకు బ్లాగు పుట్టింది. అంతకుముందు ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. రోజంతా నలభై మందిని అరిచి కూర్చోబెట్టిన గొంతు, ప్రసవం తర్వాత ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఇంటి పని మా అత్తమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. బాబు పడుకుంటే చేతిలో ఫోను తప్ప ఇంకేం లేదు. అలా మొదలైంది ‘బుజ్జి బొజ్జ’. దాని కింద చిన్న అక్షరాల్లో ‘సహజమైన తిండి, చల్లని కుటుంబం’ అని రాసుకున్నాను. మొదటి నెలలో దాన్ని చదివినవాళ్లు ముగ్గురు: నేను, మా ఆయన, మా ఆయన రెండో ఫోను.

మొదట్లో అంతా నిజమే రాశాను, నమ్మండి. మా అత్తమ్మ నాకు చేసిపెట్టిన వెల్లుల్లి కారం, కాలువ కింద మా రెండెకరాల్లో పండిన బియ్యంతో వండిన జావ, గట్టు మీద కోసుకొచ్చిన ఆకుకూర. జనం చదివారు. ‘మీలాంటి కోడలు ఇంటికొకరు ఉండాలి’ అని ఎవరో రాశారు. అక్కడే నా బుర్ర తిరిగింది. మర్నాడు ‘మా వంటింట్లో ప్యాకెట్ అన్నదే కనిపించదు’ అని రాశాను. కుడిచేత్తో రాస్తున్నాను, ఎడమచెయ్యి కారంబూందీ ప్యాకెట్లో ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. మూడో నెలలో బాబు ఆపకుండా ఏడవడం మొదలుపెట్టాడు. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ వాణ్ని తూకం వేసి, నన్ను చూసి, “నీ పాలు చాలడం లేదమ్మా. నీవి ఇస్తూనే డబ్బా పాలు కూడా పట్టు” అంది. నేను రెండు రోజులు ఏడ్చాను. ఏదో పరీక్ష తప్పినట్టు, ఆ సంగతి ఊరందరికీ తెలిసిపోయినట్టు అనిపించింది. మా అత్తమ్మ మాత్రం, “ఏడుస్తవేంది పిల్లా? బిడ్డ కడుపు నిండాలె. ఏ పాలైతేంది?” అని డబ్బా మూత తీసింది. బాబు వారంలో బూరెలా పొంగాడు.

ఇంత మంచి విషయం మీద నేనేం రాశానో తెలుసా? ‘డబ్బా పాలు మా గడప తొక్కలేదు. తల్లి మనసు పెడితే పాలు వాటంతట అవే వస్తాయి’ అని రాశాను. సిగ్గు, అంతే. నాకు చేతకానిది చేతనైనట్టు రాసుకుంటే గుండె కాస్త తేలికపడింది. పైగా చివర్లో, పెళ్లి కార్డు మీద వేసినట్టు, ‘బాన్సువాడ వస్తే మా ఇంటికి తప్పక రండి’ అని కూడా చేర్చాను. కోటగిరి నుంచి స్వప్న అనే అమ్మాయి దారి అడిగితే, బస్టాండు నుంచి ఎన్ని మలుపులో కూడా చెప్పాను. ఎవరొస్తారులే అనుకున్నాను.

వచ్చారు. ఒకరోజు ఉదయం పదింటికి ఫోను మోగింది.

“అక్కా, నేను స్వప్నను. కోటగిరి నుంచి ఆటోల వచ్చినం. బస్టాండ్ల దిగినం. మా అత్తమ్మ కూడ వచ్చింది.”

“అయ్యో, రాండ్రి రాండ్రి,” అన్నాను గొంతులో తేనె పోసుకుని.

“మీ వంటిల్లు చూస్తదట అక్కా. దానికోసమే వచ్చింది.”

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. అలమారా నన్ను చూసి నవ్వింది. నూడుల్సు ప్యాకెట్లు, బిస్కెట్లు, అల్లంవెల్లుల్లి పేస్టు, కస్టర్డు పొడి, సగం తిన్న కారంబూందీ, వీటన్నిటి మధ్యా పెళ్లికొడుకులా పాల డబ్బా. బస్టాండు నుంచి మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను ఎంత వేగంగా కదిలానో మా ఆయన చూసి ఉంటే, ఇన్నాళ్లూ నాకు నడుం నొప్పి ఉందంటే నమ్మేవాడు కాదు.

అన్నీ నా చీర కొంగులో మూటగట్టాను. ఎక్కడ దాచాలి? మంచం కింద ముందు భాగమంతా బియ్యం బస్తాలు. బీరువా తలుపు తీస్తే బట్టలే బయట పడతాయి. వరండాలో పెడదామంటే ఎదురింటి వాళ్లు దాని ముందే వడ్లు ఆరబోసి కూర్చున్నారు. అప్పుడు ఉయ్యాల కనిపించింది. మా అత్తమ్మ పాత నూలు చీరను ముందుగదిలో పైకప్పు కొండికి కట్టిన ఉయ్యాల. ఖాళీగా ఉంది. బాబుకు స్నానం చేయించి, వెనకింటి వాళ్లకు చూపించడానికి అత్తమ్మ ఎత్తుకెళ్లింది. ఆవిడ వెళ్తే గంటకు తక్కువ రాదు.

ఇంకేం! అన్నీ ఉయ్యాలలో వేశాను. డబ్బాను తలవైపు పెట్టి, పైన బాబు దుప్పటి కప్పాను. ఉయ్యాల కిందికి సాగింది. లోపల ఉన్నది ఐదు నెలల బిడ్డ కాదు, ఐదేళ్ల బిడ్డ అన్నట్టు కనిపించింది. సర్దే టైము లేదు. గేటు చప్పుడైంది.

స్వప్న సన్నగా, అలసిపోయి ఉంది. భుజం మీద మూడు నెలల పాప సన్నగా మూలుగుతోంది. వెనకాలే ఆమె అత్తగారు గంగవ్వ, రూపాయి బిళ్లంత బొట్టుతో. కూర్చోమంటే కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. అలమారాలో రాగుల డబ్బా, బెల్లం గిన్నె, ఉప్పు, పప్పు తప్ప ఏమీ లేవు.

“ఏం లేదేంది బిడ్డా? ఏం తింటరు?”

“ఉన్నదే తింటం పెద్దమ్మా. అంతా సహజం,” అన్నాను. ఇంత నిస్సిగ్గుగా నేనెప్పుడూ మాట్లాడి ఉండను.

“సూసినవా స్వప్నా? ఇల్లంటే గిట్లుండాలె,” అని మెచ్చుకుని, ఆవిడ ముందుగదిలోకి వెళ్లింది. నేను టీ పెట్టబోయాను. స్వప్న నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

“అక్కా, ఒక్క మాట. నాకు పాలు చాలుతలేవు. డబ్బా పడుతుంటి. మీరు రాసింది మంచిగున్నదని నేనే మా అత్తమ్మకు చదివి వినిపించిన. గా రోజే డబ్బా తీసి అవతల పడేసింది. నాలుగు రోజులాయె. పొద్దు లేదు మాపు లేదు, బిడ్డ ఏడుస్తనే ఉంది. మీకు పాలెట్ల వచ్చినయ్ అక్కా? ఏం తిన్నరు? నాకు చెప్పుండ్రి.”

పాప పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చిన్ని పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. చెప్పాల్సింది ఒకే ఒక్క మాట: నేనూ డబ్బా పాలే పడుతున్నాను. నోరు తెరిచాను. నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

“మెంతులు,” అన్నాను.

మీరు తిట్టుకోండి. నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

“మెంతులా?” అంది స్వప్న ఆశగా. ఇంతలో ముందుగదిలోంచి గంగవ్వ గొంతు వినిపించింది.

“బిడ్డ పండిండా? నేను తొట్టె ఊపుత.”

టీ గిన్నె అక్కడే వదిలేశాను. పరుగెత్తాను. ఆవిడ అప్పటికే ఉయ్యాల పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, తాడు పట్టుకుని జోలపాట మొదలుపెట్టింది. స్వప్న నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“వద్దు పెద్దమ్మా, గిప్పుడే పండిండు. లేస్తడు.”

“ఊపితే లేస్తడా? ఇంక మంచిగ పంటడు,” అని ఇంకాస్త గట్టిగా ఊపింది. ఉయ్యాల ముందుకు పోయినప్పుడు కరకర, వెనక్కి వచ్చినప్పుడు కరకర.

“ఏంది గా సప్పుడు?”

“జలుబు పెద్దమ్మా. ఊపిరి గట్లనే వస్తుంది.”

“జలుబుకు గురగుర అంటరు గాని, కరకర అంటరా?”

“కొత్త రకం జలుబు.”

ఆవిడ నన్ను జాలిగా చూసి, బొడ్లో సంచి తీసి వంద నోటు బయటికి లాగింది. మా దగ్గర బిడ్డను మొదటిసారి చూసినవాళ్లు వట్టి చేతులతో పోరు, పిడికిట్లో ఎంతో కొంత పెట్టి దీవించి పోతారు. గంగవ్వ చెయ్యి దుప్పటి కిందికి పోయింది. నా ప్రాణం పైకి పోయింది.

“పిడికిలి దొరుకుతలేదేంది?”

“ముడుచుకుని పంటడు పెద్దమ్మా.”

చెయ్యి తలవైపు జరిగింది. టక్ మని చప్పుడైంది. ఆవిడ ఆశ్చర్యంగా మళ్లీ తట్టింది. టక్ టక్.

“తలకాయ మస్తు గట్టిగున్నది బిడ్డా!”

“వాళ్ల నాయన పోలిక,” అన్నాను. ఆ మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు.

“నూరేండ్లు సల్లగ బతుకు కొడకా,” అని గంగవ్వ డబ్బాను నిండు మనసుతో దీవించి, నోటును దాని కింద దోపింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడే పెరటి తలుపు తీసుకుని మా అత్తమ్మ లోపలికొచ్చింది. చంకలో మా బాబు, వాడి నోట్లో వాడి కాలి బొటనవేలు.

“పిల్లా, వీనికి ఆకలైతుంది. పాల డబ్బా యాడ పెట్టినవ్? జల్ది కలుపు.”

గంగవ్వ చంకలో బాబును చూసింది. ఉయ్యాలను చూసింది. మళ్లీ బాబును చూసింది.

“గీ పిల్లగాడెవరు?”

“మా మనుమడు,” అంది అత్తమ్మ మురిపెంగా.

“మరి తొట్టెల ఎవరున్నరు?”

గంగవ్వ లేచి చీర అంచు ఎత్తింది. ఆ పాత ముడి అప్పటిదాకా ఎలా ఆగిందో, ఒక్కసారిగా విడిపోయింది. నూడుల్సు, బిస్కెట్లు, కస్టర్డు పొడి, అన్నీ ఆవిడ కాళ్ల మీద కుమ్మరించినట్టు పడ్డాయి. డబ్బా మాత్రం దబ్బున పడి, స్వప్న కాళ్ల పక్క నుంచి దొర్లుకుంటూ వెళ్లి, రెండు బస్తాల సందులోంచి మంచం కింద దూరింది. స్వప్న వంగి, ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో దాన్ని బయటికి లాగింది. తిప్పి తిప్పి చూసింది.

“అక్కా, నేను పట్టింది గూడ గీ డబ్బానే.” నావైపు తిరిగి, “మరి మెంతులు?” అంది.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. “నాక్కూడ పాలు చాలలేదు స్వప్నా. దవాఖానల డాక్టరమ్మనే డబ్బా పట్టమన్నది. చెప్పుకోవడానికి సిగ్గయి గట్ల రాసిన. నువ్వు అడిగినప్పుడు కూడ చెప్పలేదు. నీ బిడ్డ ఏడుపు నా వల్లనే.”

గంగవ్వ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “నీ మాట మీద నా మనుమరాలి నోటికాడి పాలు తీసేస్తి గదనే,” అంది నెమ్మదిగా. ఆ మాట తగిలిన చోట ఇంకా నొప్పిగానే ఉంది.

మా అత్తమ్మకు సంగతి సగమే అర్థమైనట్టుంది, కానీ చెయ్యాల్సింది మాత్రం పూర్తిగా అర్థమైంది. బాబును నా ఒళ్లో పడేసి, స్వప్న చేతిలోని డబ్బా తీసుకుని, నీళ్లు మరగబెట్టి రెండు గిన్నెల్లో పాలు కలిపింది. గంగవ్వ ఒక గిన్నె తానే అందుకుంది. పాపను ఒళ్లో వేసుకుని చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. ఆ బుడ్డది చెంచాను కూడా మింగేస్తుందేమో అన్నంత ఆత్రంగా తాగింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి కళ్లు మూతలు పడ్డాయి. స్వప్న గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ, మధ్యలో నన్ను చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మా అత్తమ్మకు, ఆవిడ నుంచి గంగవ్వకు అంటుకుంది. నాకు మాత్రం నవ్వడానికి చాలాసేపు ధైర్యం రాలేదు.

“పాలు చాలకపోతే దవాఖానకు తీస్కపోవాలె గని, ఫోన్ల సూసుడేంది?” అంది మా అత్తమ్మ. గంగవ్వ ఒప్పుకుని, రేపే కోడల్నీ మనుమరాలినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. ఉయ్యాల మళ్లీ కట్టి అందులో పాపను పడుకోబెట్టాం. పోయేటప్పుడు గంగవ్వ కింద పడ్డ వంద నోటు వెతికి తీసింది. మా బాబు తల రెండుసార్లు తట్టి చూసి, మెత్తగానే ఉందని నిర్ధారించుకున్నాకే పిడికిట్లో పెట్టింది. రెండు బిస్కెట్ ప్యాకెట్లు సంచిలో వేసుకుంటూ, “ఆటోల తినొచ్చు,” అంది.

ఆ సాయంత్రం జరిగిందంతా బ్లాగులో రాశాను, మెంతులతో సహా. కొందరు తిట్టారు. చాలామంది తల్లులు మాత్రం ‘మా ఇంట్లోనూ ఒక డబ్బా ఉంది’ అని రాశారు. రెండు వారాలకు స్వప్న పాప ఫోటో పంపింది. బుగ్గలు వచ్చాయి. అది చూశాకే నాకు అన్నం సహించింది.

కాబట్టి పాఠకులారా, నా బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. మా ఇంటి ఉయ్యాలలో పిల్లల్ని తప్ప ఇంకేదీ పడుకోబెట్టను. ఆకలిగా ఉన్న బిడ్డ తల్లికి మెంతులు చెప్పను. నా బ్లాగులో ఇక అబద్ధం రాయను. రాయక తప్పదనిపిస్తే, మా అత్తమ్మ ఊళ్లో లేని రోజు చూసుకుని రాస్తాను. ఆవిడేమో మనవణ్ని వదిలి ఒక్క పూట కూడా ఊరు దాటడం లేదు.