మూడు నిమిషాల కోసం మిస్సిసాగా

కెనడాలోని విండ్సర్‌లో మేం నలుగురం అద్దెకుంటున్న బేస్‌మెంట్ పైన ఇంటి ఓనరు మిస్ ఐవీ ఒక్కతే ఉంటుంది. డెబ్బై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయింది. ఆవిడ పైనుంచి చెప్పుతో నేల మీద మూడుసార్లు తడితే ఏదో ఫారం వచ్చిందని అర్థం. మాలో ఒకరు పైకి వెళ్ళాలి. స్టడీ పర్మిట్లు, వర్క్ పర్మిట్లు అప్లై చేసీ చేసీ మా నలుగురికీ ఫారాలంటే కొట్టిన పిండి. జనవరి చివర్లో అలా తట్టినప్పుడు నేను వెళ్ళాను.

ఆవిడది కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. పేరు రాయొద్దంది. ఈ చివర తుమ్మితే ఆ చివర వినపడేంత చిన్నదట అది. ఇప్పటికీ బ్రిటన్ చేతిలోనే ఉంది, గవర్నరు లండన్ నుంచి వస్తాడు. తమను తాము ఇంకా పూర్తిగా పాలించుకోని ప్రాంతాలని ఐక్యరాజ్యసమితి దగ్గర ఒక జాబితా ఉంది, అందులో ఈ దీవి పేరు కూడా ఉంది. ఇప్పుడు దీవివాళ్ళు ఒక కమిషన్ వేసుకున్నారు. బ్రిటన్‌తో ఉందామా, సొంత దేశం అవుదామా అని ఓటింగ్ పెట్టాలి. దానికి ముందు తేలాల్సింది ఒకటుంది: ఆ ఓటు ఎవరికి?

దీవికి చెందినవాళ్ళను అక్కడ ‘బిలాంగర్’ అంటారు. పుట్టుకతో బిలాంగర్ అయ్యుండాలి, పైగా ఇప్పుడు దీవిలోనే నివసిస్తూ ఉండాలి, అలాంటివాళ్ళకే ఓటు అని కమిషన్ ముసాయిదా రాసింది. పంతొమ్మిదో ఏట వచ్చేసిన మిస్ ఐవీకి ఓటు లేదు. కెనడాలో ఉన్న దీవివాళ్ళు అభ్యంతరం ఉంటే కమిషన్ ముందు ఫిబ్రవరిలో ఒక శనివారం మిస్సిసాగాలోని చర్చి హాల్లో చెప్పుకోవచ్చు. మనిషికి మూడు నిమిషాలు. ఒంటిగంట లోపల పేరు రాయించుకోవాలి.

“నేను అక్కడ పుట్టాను బిడ్డా. ఇంకేం కావాలి?” అంది. ఆవిడ ‘చైల్డ్’ అనే మాటను నేను ఇలాగే వింటాను, ఇలాగే రాస్తాను.

“కాగితాలు కావాలి,” అన్నాను.

ఈ విషయంలో నాకు అనుభవం ఉంది. మాది గోదావరి ఒడ్డున కుక్కునూరు దగ్గర పల్లె. రాష్ట్రం విడిపోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఖమ్మం జిల్లాలో పడుకున్నవాళ్ళం ఆంధ్రలో లేచాం. ప్రాజెక్టు ముంపు కింద మా మండలాన్ని అటు కలిపారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. తర్వాత ఇంటర్ ఖమ్మంలో చదివితే ఒకచోట నాన్‌లోకల్ అన్నారు, ఇంకోచోట స్టడీ సర్టిఫికెట్లు సరిపోవన్నారు. అప్పటినుంచీ ఎక్కడికెళ్ళినా ఒరిజినల్స్, మూడు సెట్ల జిరాక్సులు, ఆరు పాస్‌పోర్ట్ ఫొటోలు లేకుండా గడప దాటను. ఈ కథంతా చెబుతూ మిస్ ఐవీకి కూడా అలాంటి ఫైలే తయారుచేశాను. బాప్తిస్మం సర్టిఫికెట్, బడి వదిలినప్పటి కాగితం, వాళ్ళ నాన్న పడవ లైసెన్సు, ఇలా మొత్తం ఆరు రుజువులు. ప్రతి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన వరస నంబర్లు వేశాను. ఐదు సాయంత్రాలు పట్టింది.

శనివారం పొద్దున ఐదూ నలభైకి విండ్సర్‌లో రైలెక్కాం. టికెట్లు రెండు వారాల ముందు తీసుకుంటే చవగ్గా దొరుకుతాయి. కిటికీవైపు సీటు పెద్దగా పనికిరాదు. చాతమ్ దాటేదాకా చీకటి, ఆ తర్వాత మంచు కప్పిన మొక్కజొన్న చేలు. మిస్ ఐవీ ఊదారంగు టోపీ, చర్చికి వేసుకునే కోటు వేసుకుంది. డబ్బాలో వేయించిన అరటి ముక్కలు, ఉడికించిన గుడ్లు తెచ్చింది. నేను తెచ్చిన పులిహోర రెండు చెంచాలు తిని, పులుపు బాగుందంది, మిరపకాయను మాత్రం పక్కన పెట్టింది.

అవతలి సీట్లో నెల్లూరు కుర్రాడు సాయి, టొరంటోలో ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు.

“ఏంది బ్రో, ఈ మామ్మతో టూరా?” అన్నాడు తెలుగులో, ఆవిడవైపు నవ్వుతూ. సంగతి చెప్పాను.

“మనకే ఇక్కడ ఉండిపోడానికి పీఆర్ వస్తాదో రాదో తెలీక చస్తన్నాం. ఆవిడకి పాస్‌పోర్ట్ ఉంది, ఇల్లుంది. ఇంకా ఆ దీవి ఓటెందుకంట?”

అదే ప్రశ్న నేను ఇంగ్లీషులో కొంచెం మర్యాదగా అడిగాను. మిస్ ఐవీ గుడ్డు ఒలవడం ఆపింది.

“మా చెల్లి పెర్ల్ కూడా అదే అంటుంది. అది అక్కడే ఉంది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు దాని ఇంటి కప్పు లేచిపోతుంటే పక్కింటామె వచ్చి తెల్లవార్లూ తాడు పట్టుకుని కూర్చుందట. ఆమె మా మనిషి కూడా కాదు, హోటల్ గదులు ఊడవడానికి వేరే దేశం నుంచి వచ్చింది. నేనిక్కడ టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. అప్పట్నుంచి పెర్ల్ ఏ మాటకైనా ‘నువ్వు చూడలేదులే’ అంటుంది. నేను ఆ దీవి దాన్నని ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. దానికి చూపించాలి.”

కాసేపయ్యాక సాయి పులిహోర అడిగి తీసుకున్నాడు. “మీది ఆంధ్రానా తెలంగాణానా బ్రో?” అన్నాడు తింటూ. “ఏ ఏడాది గురించి అడుగుతున్నావ్?” అన్నాను. అందరికీ ఇదే జవాబిస్తాను. కొందరు నవ్వుతారు.

గూడ్సు బండికి దారివ్వడానికి మా రైలు రెండుచోట్ల ఆగింది. టొరంటోలో దిగేసరికి పదీ నలభై. అక్కడ నేను పప్పులో కాలేశాను. మిస్సిసాగా మీదుగా మిల్టన్ వెళ్ళే రైలు ఎక్కాలని ఫోన్లో ముందే రాసిపెట్టుకున్నాను. నేను చూసింది మామూలు రోజుల టైంటేబుల్. ముప్పావుగంట స్టేషన్లో బోర్డుకేసి చూస్తూ నిలబడ్డాం. మిస్ ఐవీ రెండుసార్లు గడియారం చూసింది, నన్ను మాత్రం ఏమీ అడగలేదు. అడిగి ఉంటేనే నయమనిపించింది.

మా వెనక ఒకావిడ కూతురితో తెలుగులో మాట్లాడుతోంది, కూతురు ఇంగ్లీషులో జవాబిస్తోంది. వెళ్ళి అడిగాను. “ఆంటీ, మిల్టన్ ట్రెయిన్ ఏ ప్లాట్‌ఫామ్?”

“శనివారం మిల్టన్ ట్రెయిన్ ఎక్కడిది నాన్నా! బస్సే. మేమూ అదే ఎక్కాలి, రండి రండి,” అంది. గుంటూరు మాట. ఇక్కడికొచ్చి ఆరేళ్ళయిందట, అంతకుముందు డల్లాస్.

స్టేషన్‌కి ఆనుకునే ఉన్న బస్ టెర్మినల్ నుంచి పదకొండూ నలభై ఐదుకి బస్సు బయల్దేరింది. ఈ దారిలో వచ్చేవాళ్ళు నా తప్పు చేయకండి, శని, ఆదివారాలు తిన్నగా బస్సు దగ్గరికే వెళ్ళండి. ఆంటీ కూతురు మిస్ ఐవీ టోపీని చాలాసేపు చూసి, “మీరు ఎక్కడినుంచి?” అంది.

“మీ స్కూల్ బస్సు తిరిగే దారికన్నా చిన్న దీవి నుంచి,” అంది మిస్ ఐవీ.

“ఒరిజినల్లీ?”

“ఒరిజినల్లీ కూడా అదే తల్లీ.”

పన్నెండూ ముప్ఫై ఐదుకి మిస్సిసాగాలో దిగాం. అక్కణ్ణుంచి పది నిమిషాల నడక, కానీ పేవ్‌మెంట్ మీద మంచు గడ్డకట్టి ఉంది. మిస్ ఐవీ నా మోచెయ్యి పట్టుకుంది, నేను ఫైలు గుండెకు హత్తుకున్నాను. హాల్లోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంటకి ఇంకా ఏడు నిమిషాలుంది. రిజిస్టర్‌లో ఆవిడదే ఆఖరి పేరు. కాగితాలు చూపిస్తామన్నాను. బల్ల దగ్గర కూర్చున్నాయన తల కూడా ఎత్తలేదు. “అవసరం లేదు. ఇక్కడ అందరికీ ఆమె తెలుసు,” అన్నాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, మిస్ ఐవీ వీపు తట్టింది.

హాల్లో యాభైమంది దాకా ఉన్నారు. వెనక బల్ల మీద రాజ్మాతో వండిన అన్నం, ఉప్పుచేప, అల్లం పానీయం. ఎవరినీ అడగక్కర్లేదు, వడ్డించుకోవడమే. ముందు బల్ల దగ్గర కమిషన్‌వాళ్ళు ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్, మూడు నిమిషాలవగానే గంట కొడుతుంది. ఒకాయన లేచి, ముప్ఫై ఏళ్ళు పీపాల్లో బట్టలు, సబ్బులు, బియ్యం నింపి ఓడ మీద ఇంటికి పంపానని, ఆ పీపాలు తీసుకున్న దీవికి తన ఓటు ఎందుకు పనికిరాదని అడిగాడు. గట్టిగా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండు దాటాక వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. పేరు మారిసోల్, ఇక్కడ నర్సింగ్ చదువుతోంది. తన పేరు లిస్టులో లేదు, ఒంటిగంట తర్వాత వచ్చింది. “మా అమ్మ ఆ దీవిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను,” అంది.

“ఆమె మన మనిషి కాదు,” అన్నాడు పీపాల ఆయన. కొందరు తలలూపారు. హెడ్మిస్ట్రెస్ రిజిస్టర్ మళ్ళీ చూసి, పేరు లేనివాళ్ళకి అవకాశం ఇవ్వలేనని చెప్పింది. అమ్మాయి కూర్చోలేదు, నిలబడే ఉంది.

ఆఖరి పేరు పిలిచారు. మిస్ ఐవీ ఫైలు తీసుకుని ముందుకెళ్ళింది. రైల్లో ఆవిడ నాకు మూడుసార్లు వినిపించిన ప్రసంగం నాకు కంఠతా వచ్చు. ఆవిడ అది మొదలుపెట్టలేదు.

“ఈ ఫైలు మా ఇంటి కింద ఉండే అబ్బాయి చేశాడు. చాలా బాగా చేశాడు. ఇందులో నేను ఆ దీవి దాన్నని ఆరు రుజువులున్నాయి. ఆరూ యాభై ఏడేళ్ళకన్నా పాతవి.” ఆగింది. “తుఫాను రాత్రి మా పెర్ల్ ఇంటి కప్పుకి తాడు పట్టుకున్నది నేను కాదు. ఈ పిల్ల తల్లిలాంటి ఒక మనిషి. ఆమె దగ్గర ఒక్క రుజువూ లేదు. నాకు ఓటు వద్దనను. కావాలి. కానీ వరసలో ఆమె నాకన్నా ముందుండాలి. నాకింకా రెండు నిమిషాలున్నాయి. వాటిని ఈ పిల్లకివ్వండి.”

హాలు ఒక్కసారిగా గోలగోలైంది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఐదు సాయంత్రాల పని అది! ఫైలు తెరవనైనా తెరవలేదు. హెడ్మిస్ట్రెస్ గంట కొట్టి అందర్నీ ఊరుకోబెట్టి, మారిసోల్‌ని రమ్మంది. అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడింది. వాళ్ళమ్మ ఏ హోటల్లో ఏ అంతస్తు ఊడుస్తుందో, ఏ ఏటి తుఫానులో ఎవరింట్లో తలదాచుకుందో చెప్పింది. ఓటు గురించి ఎక్కువ చెప్పలేదు. కమిషన్‌వాళ్ళు రాసుకున్నారు. అంతే. ఏం తేలుస్తారో వేసవిలో చెబుతారట. పీపాల ఆయన వెళ్తూ వెళ్తూ మిస్ ఐవీ ముందు ఆగి, తల అడ్డంగా ఊపి, ఒక పొట్లం అల్లం బిస్కెట్లు చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఐదున్నరకి తిరుగు రైలు. ఈసారి బస్సు గురించి ముందే అడిగి తెలుసుకున్నాను. సీట్లో కూర్చోగానే ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“మాట్లాడావా?” అంది పెర్ల్.

“మాట్లాడాను. మీ పక్కింటామె గురించి.”

“ఆమె పేరు తెలుసా నీకు?”

మిస్ ఐవీ నావైపు చూసింది, నాకు తెలుస్తుందన్నట్టు. “తెలీదు,” అంది చివరికి.

“యోలాండా.”

“యోలాండా,” అని ఆవిడ రెండుసార్లు పలికి, ఫైలు అట్ట మీద రాయమని పెన్ను నాకిచ్చింది. రాశాను. నా కోపం అప్పటికి సగం తగ్గింది.

దారిలో లండన్ అనే కెనడా ఊరి స్టేషన్ దగ్గర పడుతుండగా ఆవిడ అడిగింది. “మీ ఊరిని వేరే రాష్ట్రంలో కలిపినప్పుడు మిమ్మల్ని అడగలేదన్నావు కదా. అడిగి ఉంటే ఏం చెప్పేవాడివి?”

పదేళ్ళుగా అడగలేదన్న కోపాన్ని ఫైల్లో కాగితంలా భద్రంగా దాచుకున్నాను గానీ, అడిగితే ఏం చెప్పాలో ఒక్కసారీ ఆలోచించలేదు. నాకు సిగ్గేసింది.

ఇక్కడ ఏడున్నర. అంటే అక్కడ ఆదివారం పొద్దున ఆరు. మా అక్క అదే మండలంలో అంగన్‌వాడీ టీచరు. సెలవైనా ఐదింటికే లేస్తుంది. ఫోన్ చేశాను.

“ఏందిరా పొద్దుగాల్నే? బాగున్నవా? తిన్నవా?”

“తిన్నా అక్కా. ఒకటడుగుతా. అప్పుడు మనల్ని ఆంధ్రలో కలిపేటప్పుడు, అటా ఇటా అని నిన్ను అడిగుంటే ఏం చెప్పేదానివి?”

చీపురు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“ఇన్నేండ్లల్ల ఎంతమంది వచ్చిండ్రో లెక్కలేదు,” అంది. “సర్వే చేసిండ్రు, కొలిచిండ్రు, సంతకాలు పెట్టించుకున్నరు. నన్ను ఈ మాట అడిగినోడివి నువ్వొక్కడివేరా.” చీపురు మళ్ళీ అందుకున్న చప్పుడైంది. “ఆగు. ఊకె చెప్పేది కాదు. ఆలోచించి చెప్త.”

“ఏమంది?” అంది మిస్ ఐవీ.

“ఆలోచించి చెబుతానంది.”

ఆవిడ అల్లం బిస్కెట్ల పొట్లం విప్పి నాకొకటిచ్చింది. “మరి అంతేగా,” అంది. “అడిగితే ఎవరైనా ఆలోచిస్తారు.”

రైలు పావుగంట ఆలస్యంగా, పదింటికి ముందే విండ్సర్ చేరింది. విండ్సర్ నుంచి మిస్సిసాగా వెళ్ళి అదే రోజు తిరిగి రావడం పెద్ద కష్టం కాదు, తిండి మాత్రం వెంట తీసుకెళ్ళండి. ఈ ప్రయాణంలో నేను మోసిన ఫైలును ఎవరూ తెరవలేదు. అది ఇప్పుడు మిస్ ఐవీ వంటగదిలో, ఫోన్ పక్కన, యోలాండా పేరు పైకి కనబడేలా ఉంది. అక్క ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతున్నాను.