దుప్పటి మడత దగ్గర మాట

ఆస్పత్రి లాండ్రీ అనగానే, అక్కడ పనిచేసిన నాకు ఇప్పటికీ ఆవిరిలో తడిసిన దుప్పట్లత్త ముఖమే గుర్తొస్తుంది. వార్డులకు వెళ్ళే దుప్పట్లన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్ళేవి కాబట్టి ఆ పేరు. తాగి తాగి అక్కడే పోయిన భర్త పక్కగుడ్డలూ ఆమే ఉతికింది.

పద్దెనిమిది నిండకుండా తాగి, గంజాయి కాల్చి పట్టుబడిన పిల్లల్ని కోర్టు ఆమె దగ్గరికి పనికి పంపేది. అందరినీ కాదు. ఉన్నవాళ్ళ పిల్లలు వకీలును పెట్టుకుని, జరిమానా కట్టి అటునుంచి అటే ఇంటికి పోయేవారు. లేనివాళ్ళ పిల్లలే మా ఆవిరిలో ఉడికేవారు.

పెద్ద దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరోవైపు పట్టి లాగి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అలా దగ్గరైనప్పుడు మనసులో మాట బయటికొచ్చేది. అది గది దాటకూడదని అత్త పెట్టిన కట్టుబాటు.

ఒక ఏడాది పదిహేడేళ్ళ పిల్ల వచ్చింది. నోరు కత్తెర. నర్సు చదువుకు సీటొచ్చింది గానీ, కేసు మచ్చ లేకుండా మూసేస్తేనే చేర్చుకుంటారు. మళ్ళీ తాగిందని తేలితే బాలల హోమే గతి.

పని గడువు చివరి రోజు ఆ పిల్ల పట్టిన కొసలు ఎంతకీ కలవలేదు.

"ఏమే, దుప్పటి వంకరా, నువ్వు వంకరా?" అంది అత్త.

"నిన్న మళ్ళీ తాగానత్తా," గొణిగింది పిల్ల.

మధ్యాహ్నం కోర్టు ఆఫీసరు వచ్చాడు. "ఎలా ఉందమ్మా ఈ పిల్ల? కేసు మూసేయమంటారా?"

పిల్ల దుప్పట్ల చాటుకు జరిగింది.

"పనికి వంక పెట్టలేను సార్," అంది అత్త. "మూసేయమని మాత్రం అనను. చదువు మొదలవడానికి టైముంది, ఇంకో నెల నా దగ్గరే ఉంచండి."

"ఎందుకని?"

"మడత దగ్గర మాట బయటపెట్టను. హోముకు పంపారా, ఇంతకంటే ఘనమైన విద్యలు నేర్చుకొస్తుంది. మీకు తెలియంది కాదు."

ఆయన బుర్ర గోక్కుని, నెల పొడిగించి వెళ్ళాడు.

"చెప్పకుండానే చెప్పేశావుగా," మండిపడింది పిల్ల.

"అబద్ధమాడి వదిలేస్తే రేపు వార్డులో తాగి సూది గుచ్చుతావు. తిట్టుకో, పర్లేదు. పొద్దున్నే రా."

వారంపాటు అత్తతో కలిసి దుప్పటి మడవనంది. అయినా రోజూ వచ్చింది. నెల తిరిగాక అత్త సరేనంది, కేసు మచ్చ లేకుండా మూతపడింది.

చదువులో చేరే రోజు కొత్త యూనిఫాంలో వచ్చి గుమ్మంలో నిలబడింది. అత్త ఎగాదిగా చూసింది.

"ఎవరే ఇస్త్రీ చేసింది, ఇంత అధ్వాన్నంగా?"

విప్పించి, తానే మళ్ళీ చేసి పంపింది.