బద్రీనాథ్ పంపకాలు

ఒకడు చెమటోడుస్తుంటే పక్కవాళ్లు ఖాళీగా కూర్చోవడం చూస్తే చాలు, బద్రీనాథ్‌కు పూనకం వస్తుంది. హత్నూరలో మేనకోడలి పెళ్లికి వెళ్లి, వడ్డించేవాడు ఒక్కడే పరుగెత్తుతున్నాడని పెళ్లికొడుకు చేతికి పెరుగు బకెట్ ఇచ్చాడు. పురోహితుడికి పప్పుచారు. పురోహితుడు ఎలాగో తప్పించుకున్నాడు గానీ, పెళ్లికొడుకు మాత్రం రెండు బంతులు వడ్డించాకే తాళి కట్టాడు.

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో సర్వర్లన్నీ ఈయన చూస్తాడు. ఈయన తిట్లన్నీ ఇంద్రేశం ఊరి నుంచి వచ్చే సహాయకురాలు మహిత వింటుంది. ఆమె ఉద్యోగం పక్కా కావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ సోమవారం షిఫ్టు మారే వేళ, పన్నెండు గేట్లలో ఎక్కడ కార్డు పెట్టినా తలుపు తెరుచుకోలేదు. రెండు వేల మంది ఎండలో నిలబడి కంపెనీ తాతముత్తాతలను తలుచుకున్నారు.

"ఏందమ్మా, మీ కంప్యూటర్ పండుకున్నదా?" అని సంగతి చూడటానికొచ్చిన మహితను అడుగుతూ కార్మికుడు సంగయ్య గేటు పట్టుకుని ఊపాడు. ఆమె సర్వర్ గదికి పరుగెత్తింది.

బద్రీనాథ్ తెర చూసి భగ్గుమన్నాడు. సర్వర్‌లో ప్రాసెసర్లు ఎనిమిది. గేట్ల నుంచి వచ్చే ప్యాకెట్లు, అంటే కార్డుల సమాచారపు ముక్కలన్నీ, మొదటిదాని మీదే పడుతున్నాయి. దానికి ఊపిరాడటం లేదు. మిగతా ఏడింటికీ పనే లేదు.

"ఏడు దున్నపోతులు తమాషా చూస్తున్నయి! ఒక్కదాని పానం పోతున్నది! ఎవలు చేసిండ్రిది?"

మహిత తెర వైపు ఒకడుగు వేసింది. నిన్న సర్వర్‌కు కొత్త నెట్‌వర్క్ కార్డు బిగించింది తనే. పనిని ఎనిమిదింటికీ పంచే అమరిక పెట్టడం మరిచిందీ తనే.

"నేనే సార్."

"తిట్టుడు తర్వాత. జల్దీ పంచు! ఎట్ల వడితే అట్ల కాదు. ఒక గేటు ప్యాకెట్లన్ని ఒక్క ప్రాసెసర్‌కే పోవాలె. లేకుంటే వెనక ప్యాకెట్ ముందుకొస్తది."

పది నిమిషాల్లో ఎనిమిదీ పనిలో పడ్డాయి. గేట్లు టకటకా తెరుచుకున్నాయి.

అప్పుడొచ్చాడు మేనేజర్ దుర్గాప్రసాద్. "తప్పు మొత్తం ఈ అమ్మాయిదే. ఇవాళే పంపించేయండి."

బద్రీనాథ్ బల్ల గుద్దాడు. "మొత్తమా? మళ్ల ఒక్కదాని నెత్తినేనా? ఆమె చేసిన పని చూడకుండ సంతకం వెట్టిన, ఒక వాటా నాది. కొత్త కార్డు పరీక్షించనీకి గంట అడిగితే మీరు ఇయ్యలే, ఒక వాటా మీది."

"మధ్యలో నాకెందుకయ్యా?"

"మీరు ఖాళీగ ఉన్నరు కద సార్!"

బద్రీనాథ్ మహిత వైపు తిరిగి ఉరిమాడు. "మొకం ఏం చూస్తున్నవ్? రిపోర్టు రాయి. మూడు పేర్లు వెట్టు. నీది జెర చిన్నగ రాయి!"

ఆ రిపోర్టు పట్టుకుని ఎవరినైనా పంపాలంటే దుర్గాప్రసాద్ ముందు తనను తాను పంపుకోవాలి. శుక్రవారం మహిత ఉద్యోగం పక్కా అయింది.