ఉప్పు తూచే మనిషి

మెదడు మీద పరిశోధన చేసే ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ ఉప్పక్క అనేవారు. పందొమ్మిదేళ్లుగా రకరకాల ఉప్పులు తూచి ద్రావణాలు కలపడమే ఆమె పని. తూకంలో ఆవగింజంత తేడా రానిచ్చేది కాదు. ఆ పట్టుదలే ఆమె కొంప ముంచింది.

పని చెప్పుకోవడానికి తేలికే. పంది మెదడును మెత్తగా నూరి, ఆ ముద్దను గాజు గొట్టాల్లో పోస్తారు. మెదడు ఉద్రేకాన్ని అణిచే గ్రాహకాలు అందులో ఉంటాయి. నిద్రమందు వాటినే పట్టుకుంటుంది. ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది చుట్టూ ఉన్న ఉప్పును బట్టి మారుతుంది. ఆ రోజు కొత్త మేడమ్ బ్రోమైడు ఉప్పుతో చేయించింది. మామూలు ఉప్పు గొట్టాల్లో కంటే వాటిలో మందు ఎక్కువ అతుక్కుంది.

"చూశారా ఉప్పక్కా! మామూలు ఉప్పులో ఉండే క్లోరైడుకి ఇది చుట్టమే గానీ మహా గడుసుది. మూర్ఛకి మందుగా కూడా ఇచ్చేవాళ్లు."

"మా తమ్ముడికి ఇచ్చారు మేడమ్."

"అయితే తిండిలో ఉప్పు మానొద్దని చెప్పే ఉంటారు. ఉప్పు తగ్గితే ఇది ఒంట్లోంచి పోదు. పేరుకుపోయి మనిషిని మత్తులో ముంచేస్తుంది."

ఉప్పక్క చేతిలోని గొట్టాన్ని కింద పెట్టేసింది. ఆ మాట ఎవరు చెప్పారు గనక!

పదకొండేళ్ల కిందట తమ్ముడి ముఖం కాస్త ఉబ్బితే, ఉప్పు మానిపించాలని తీర్మానించింది తనే. ఉప్పుల్లోనే పనిచేసే చదువుకున్న కూతురికి ఇంట్లో ఎదురు చెప్పేదెవరు? "చిటికెడు వెయ్యవే అక్కా, గడ్డి తిన్నట్టుంది" అని వాడు బతిమాలితే కసిరింది. వాడి మాట ముద్దయింది, మగత ముదిరింది. అమ్మ దొంగచాటుగా వాడి అన్నంలో ఉప్పు కలుపుతూ దొరికిపోయింది. వారానికి వాడు పోయాడు. "నీ ఉప్పే వాణ్ణి మింగింది" అని పదిమందిలో అమ్మ మీద అరిచింది ఈ మహాతల్లి. అప్పటినుంచి అమ్మ పొయ్యి ముట్టలేదు.

ఉప్పు తూచిన ప్రతిసారీ వాడి గొంతు వినిపిస్తూనే ఉండేది. ఇన్నాళ్లూ రుచి కోసం అడిగినట్టుండేది. ఆ పూట ప్రాణం అడుగుతున్నట్టు వినిపించింది.

చెబితే అమ్మ గుండెల మీద బరువు దిగుతుంది. కానీ ఆ తర్వాత తన మొహం చూస్తుందా? నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ మంచం మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. ఉప్పక్క ఆమె పక్కన కూలబడి, ఏడుస్తూ అంతా చెప్పేసింది. "నువ్వు చేసిందే సరైందమ్మా. వాణ్ణి చంపింది నేను."

అమ్మ తిట్టలేదు. మడత పెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడత పెట్టింది.

"అంటే, ఉప్పు మంచిదేనా?"

"మంచిదేనమ్మా."

"నువ్వు కనిపెడతావని భయపడి సగమే వేసేదాన్నే," అంది అమ్మ. "ఇంకాస్త వేసుంటే బతికేవాడన్నమాట."