రెండు మైనాల బేరం

"అక్కా, గిది కొన్నవా, ఎవలన్న నీకు అంటగట్టిండ్రా?"

పన్నెండేళ్ల కింద పద్మలత తన మొదటి కారును శ్రీరాంపూర్‌లో మెకానిక్ జహీర్ షెడ్డు ముందు ఆపినప్పుడు అతను అడిగిన మాట ఇది. కారు పేరు మైనా. అప్పటికే ఎవరో రెండేళ్లు నడిపి వదిలించుకున్నారు. పద్మలత కిందికి దిగి, తలుపును కొంచెం పైకెత్తి మూసింది. ఎత్తకపోతే అది మూసుకోదు. "అంటగట్టిండ్రు. ఇప్పుడు నేను నీకు అంటగడుతున్న. బాగుచెయ్" అంది. ఆ పూట నుంచి ఆమె అక్క, అతను తమ్మి.

పద్మలత గురించి రాయబోతే ఎవరి చెయ్యయినా 'ఆదర్శ మహిళ' వైపు దానంతటదే జారుతుంది. పట్టుకుని ఆపాలి. మహిళా దినోత్సవానికి శాలువా కప్పుతామని పిలిచినవాళ్లతో ఆమె, "మార్చి నెలల శాలువ ఎవలు కప్పుకుంటరు సార్? ఇద్దరు స్టూడెంట్లను పంపుండ్రి, గదే సన్మానం" అన్నది. ఆమె కారు నేర్చుకున్నది స్వేచ్ఛ కోసం కాదు, అత్త శంకరవ్వ ఆటోవాళ్లతో పెట్టుకునే కొట్లాటలు భరించలేక. భర్త గంగయ్య బాయి మీద పనిచేస్తాడు. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. ఆయన స్కూటరేసుకుని డ్యూటీకి పోతే అత్తాకోడళ్లకు ఆటోయే దిక్కు, ఆటో ఎక్కితే శంకరవ్వ నోటికి పనే పని. కాబట్టి కారు. తర్వాత పక్క క్వార్టర్ ఆమె తనకూ నేర్పమంది, ఆమె చెల్లెలూ అడిగింది. ఎడమ సీటు ముందు పంతులమ్మ కాలికి రెండో జత పెడల్లు బిగించుకుని, పద్మలత ఆడవాళ్లకు డ్రైవింగ్ స్కూల్ పెట్టేసింది.

ఆమె శిష్యురాళ్లను శ్రీరాంపూర్‌లో ఎవరైనా గుర్తుపడతారు. హారన్ కొట్టే ముందు బండిని జర ఎడమకు తిప్పుతారు. పాత మైనా హారన్ స్టీరింగ్ ఎడమకు తిరిగితేనే మోగేది. వాళ్లు దాని మీద నేర్చుకున్నారు. ఇప్పుడు సొంతంగా కొత్త కార్లు కొనుక్కుని కూడా, ఎదురుగా గేదె కనబడితే ముందు ఎడమకు వంగి, అప్పుడు మోగిస్తున్నారు. సంప్రదాయాలు ఇట్లాగే పుడతాయి.

ఈ ఏడు దసరాకు ముందు పద్మలత కొత్త కారు కొన్నది. అదే కంపెనీ, అదే పేరు. పేరొక్కటే పాతది.

పాత మైనాకు తాళంచెవి. ఒకసారి తిప్పితే దగ్గుతుంది, ఇంకోసారి తిప్పితే తిడుతుంది, ఆ తర్వాత లేస్తుంది. కొత్త మైనాకు గుండీ. నొక్కితే లేచిందో లేదో చెవికి తెలియదు. మొదటి రోజు పద్మలత లేచినదాన్ని లేవలేదనుకుని మళ్లీ మళ్లీ పడుకోబెట్టింది. పాతదాని అద్దాలు చేత్తో తిప్పి దింపాలి, వెనక ఎడమదానికైతే పట్కారు కావాలి. కొత్తదాని అద్దాలు వేలు ఆనిస్తే దిగుతాయి. శంకరవ్వ మొదటి ప్రయాణంలో మంచిర్యాల దాకా తన పక్క అద్దాన్ని దింపుతూ ఎక్కిస్తూనే పోయింది. పాతది తెల్ల రంగు, బొగ్గూరి దుమ్ముకు బూడిద రంగుకొచ్చింది. కొత్తది కొన్ననాడే బూడిద రంగు. బండికి కాదు, పద్మలతకు తెలివి పెరిగింది.

అసలు తేడా వేరే ఉంది. పాత మైనా మహా కోపిష్టి పంతులు. క్లచ్ ఒక్క వెంట్రుకవాసి ముందు వదిలినా ఎగిరి, వణికి, నడిరోడ్డు మీద ఆగిపోయి పరువు తీస్తుంది. కొత్త మైనా తప్పును దాచిపెట్టి ముందుకు పోతుంది, ఎత్తు మీద ఆపితే వెనక్కి జారకుండా తానే పట్టుకుంటుంది. నేర్చుకునేవాళ్లకు కోపం మంచిదా, క్షమ మంచిదా అనే చర్చను విద్యావేత్తలకు వదిలేద్దాం. పద్మలతకు అంత తీరిక లేదు. సోమవారం కొత్త బ్యాచ్ మొదలు. ఆలోపు కొత్త కారుకు రెండో జత పెడల్లు బిగించాలి, స్కూల్ బండిగా కాయితాలు చేయించిన ఏజెంటుకూ షోరూమ్ వాళ్లకూ కొంత కట్టాలి. అంతా కలిపి తొంభై ఐదు వేలు. అది పాత మైనాను అమ్మితేనే వస్తుంది. కాలి కింద బ్రేకు లేకుండా ఆమె ఎవరికీ స్టీరింగ్ ఇవ్వదు. పాతది అమ్ముడుపోకపోతే సోమవారం బ్యాచ్ లేదు.

కొనేవాడు ఉన్నాడు, జహీరే. అతని కూతురు అంబ్రీన్ పద్మలత దగ్గరే నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకుంది. మంచిర్యాలలో కాలేజీకి పోవడానికి ఆ పాత మైనాయే కావాలని కూర్చుంది. పైగా పన్నెండేళ్లుగా దాని ప్రతి బోల్టూ జహీర్ చేతుల మీదుగా పోయింది. మనసంతా దాని మీదే. పద్మలత మనసేమో కొత్తదాని మీద, రాత్రి కిటికీలోంచి దాన్ని చూసుకున్నాకే పడుకుంటోంది.

కానీ బేరం మనసును అడగదు. అమ్మేవాళ్లు పాతదాన్ని పొగడాలి, కొనేవాళ్లు తిట్టాలి. కాబట్టి కొత్త కారు మీద ప్రాణం పెట్టుకున్న పద్మలత పాతదాన్ని ఆకాశానికెత్తింది, పాత కారు మీద ప్రాణం పెట్టుకున్న జహీర్ కొత్తదాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఆమె లక్షా పది అంటే అతను ఎనభై అన్నాడు. చివరికి ఆదివారం పొద్దున రెండు కార్లనూ లక్షెట్టిపేట దాకా నడిపి, పక్కపక్కన చూసి తేల్చుకుందామన్నారు.

ఆదివారం పొద్దున శంకరవ్వ కొత్త కారుకు తన పూజ తాను చేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేసి బొట్లకు దిగింది. బంపర్ మీద ముందు నాలుగు, వెనక నాలుగు గుండ్రటి గుర్తులున్నాయి, చొక్కా గుండీలంత. అడ్డమేదైనా వస్తే పసిగట్టి కూసే కళ్లు అవి. శంకరవ్వకు వేరే అర్థమైంది.

"కంపెనోడు ఎంత తెలివిగలోడే! బొట్టు పెట్టేతందుకు జాగలు గూడ చేసే ఇచ్చిండు" అని మురిసిపోయి, ఎనిమిదింటికీ తడి పసుపు దట్టంగా పూసి, మీద కుంకుమ అద్ది, ఆపైన అక్షింతలు అంటించింది. వెనక నంబర్ ప్లేటు పైన ఒంటిగా ఇంకో కన్నుంది, కెమెరా. ఒంటిది గనుక దానికి ఇంకొంచెం పెద్ద బొట్టు పెట్టింది.

కొత్తదాన్ని జహీర్ నడిపాడు, పక్కన పద్మలత, వెనక శంకరవ్వ. పాతదాన్ని అంబ్రీన్ ఒక్కతే నడుపుతూ వెంట వచ్చింది. కాలనీ మలుపులోనే కొత్త మైనా మొదలుపెట్టింది. టీ టీ టీ టీ!

"ఏమైంది దీనికి?" అంది పద్మలత.

"ఏం గాలే అక్కా. జాగ్రత్త చెప్తున్నది. మంచి బండి లచ్చనం."

"రోడ్డు ఖాళీగున్నది గద."

"దూరంగ లారీ ఉన్నది."

"లారీ రామగుండంల ఉన్నది తమ్మీ."

వేగం అందుకున్నాక కూత ఆగింది. జహీర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. "సీటు చూడక్కా, సోఫా! నీ పాత డబ్బల కూసుంటే నడుములు ఇరుగుతయ్. ఇంకో ఏడాదైతే దానికి పదిహేనేండ్లు నిండుతయ్, కాయితాలన్నీ మల్ల చేయించాలె. దానికి ఎనభై ఇస్తనంటే నేను పాగల్‌గాని లెక్క."

"గిదేం బండి తమ్మీ" అంది పద్మలత, చేత్తో తన ముద్దుల కొత్త తలుపును తట్టుతూ. "సత్తు గిన్నె మూత లెక్కున్నది. పాతదానికి దెబ్బ తగుల్తె సొట్ట పడ్తది. దీనికి తగుల్తె బిల్లు పడ్తది."

వెనక నుంచి శంకరవ్వ ముందుకు వంగింది. "ఓ పిల్లా, మొన్న వాడకట్టంత తిరిగి విమానమసుంటి కారని చెప్పినవ్ గదనే?"

"అత్తా, నువ్వు జర బయటికి చూడు."

"చూస్తున్న. అంబ్రీను మనల్ని దాటిపోతున్నది."

నిజమే. పాత మైనా ఎడమకు ఒక్క వంపు వంగి, హారన్ మోగించి, ఊగుతూ దాటిపోయింది. కిటికీలోంచి అంబ్రీన్ చెయ్యి ఊపింది. జహీర్ ముఖం చాటంతయింది. వెంటనే బేరం గుర్తొచ్చి ముడుచుకుంది. "చూసినవా, పొగ ఎట్ల కొడుతున్నదో" అన్నాడు బలవంతంగా. పొగ రావడం లేదు. రాకుండా చేసింది అతనే, పోయిన నెల.

మంచిర్యాలలో బండ్ల మధ్య చిక్కుకున్నాక కొత్త మైనా అసలు రూపం చూపింది. నిలిచినచోట కూత, కదిలితే కూత. తెర మీద కారు బొమ్మ చుట్టూ ఎర్ర గీతలు. పక్క ఆటోవాడు తల బయటికి పెట్టి, "అన్నా, అంబులెన్సా?" అని అడిగాడు. అడ్డం వచ్చిన లారీకి దారివ్వడానికి జహీర్ వెనక్కి గేరు వేశాడు. తెరంతా ఎర్రగా, పొద్దుగూకినట్టు నిండిపోయింది. ఆ ఎరుపులో రెండు బియ్యపు గింజలు మబ్బుల్లా కనబడ్డాయి.

పద్మలతకు అప్పుడు వెలిగింది. బొట్లు! నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. తుడిస్తే కొత్త మైనా బంగారమైపోతుంది, పాతదాని ధర ఎనభై దగ్గరే కూలబడుతుంది. మొత్తుకోనీ. ఇంకా గట్టిగా మొత్తుకోనీ! ఎనిమిది లక్షల కారు తన కళ్ల ముందు నవ్వులపాలవుతుంటే ఆమెకు లోపల నవ్వు పొంగింది. దాన్ని దగ్గుగా మార్చుకుంది.

లక్షెట్టిపేటలో చాయ్ హోటల్ ముందు రెండు కార్లూ పక్కపక్కన ఆగాయి. జహీర్ దిగి కొత్తదాని బంపర్ ముందు గొంతుకూర్చున్నాడు. పద్మలత కూడా పక్కన కూర్చుంది. ఇద్దరి ముందూ నాలుగు నిండు బొట్లు.

"అక్కా, దీని కండ్లకు ఏదో అడ్డమున్నట్టున్నది."

"మెకానిక్‌వి నువ్వు. ఏమడ్డమో నువ్వే చెప్పు."

"నేను చెప్పేది గాదక్కా. నువ్వే చూడు."

"నాకేం కనబడ్తలేదు."

ఆ అడ్డం అవ్వ బొట్లేనని అతనికి మంచిర్యాలలోనే తెలిసింది. ఒక్క గుడ్డముక్కతో తుడిస్తే బేరం అతనిది. కానీ అవ్వ పెట్టిన బొట్టు జహీర్ తుడవడమా? ఇక్కడ మతసామరస్యం మీద నాలుగు మాటలు రాయడానికి చెయ్యి దురద పెట్టేవాళ్లుంటారు. అవసరం లేదు. జహీర్ భయం మతానికి కాదు, శంకరవ్వ నోటికి. ఆమె మొదలుపెడితే శ్రీరాంపూర్ దాకా ఆపదు, ఆ నోరూ అతనూ ఒకే కారులో తిరిగి పోవాలి.

అంతలో అంబ్రీన్ ముఖమంతా నవ్వుతో పరుగెత్తుకొచ్చింది. "పప్పా, నాకు పాతదే కావాలె! గా కొత్తది ఊకె తిడ్తది. ఎంతన్న గానీ, పాతదే!"

జహీర్ కళ్లు మూసుకున్నాడు. పన్నెండేళ్ల బేరాల అనుభవం ఆ 'ఎంతన్న గానీ' కింద పడి నలిగిపోయింది.

"లక్షా పది" అంది పద్మలత మెత్తగా.

"తొంభై."

కొత్త మైనా ఇంజను ఇంకా ఆపలేదు. ముందు నుంచి కుక్కపిల్ల ఒకటి పోయింది. టీ టీ టీ టీ! హోటల్లో కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు. "కొత్త బండేనా అది?" అని ఒకాయన మిర్చి బజ్జీ పట్టుకుని బయటికే వచ్చాడు.

"కొత్తదే" అంది పద్మలత గర్వంగా. "ఇగ పాతది చూడుండ్రి, ఎట్ల నిలబడ్డదో! మాట లేదు, ముచ్చట లేదు."

"సరే అక్కా, లక్షా పది. ముందు దాన్ని ఆపు, తల పగులుతున్నది" అన్నాడు జహీర్, చెయ్యి కలిపి. జేబులోంచి కట్ట తీశాడు. "తొంభై ఎనిమిదున్నయ్. మిగిలింది తర్వాత ఇస్త."

"ఎనభై అంటివి గద? తొంభై ఎనిమిది ఎట్ల తెచ్చినవ్?"

"నువ్వు దగ్గినప్పుడు నేనడిగిన్నా, ఎందుకు దగ్గుతున్నవని?"

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. శంకరవ్వ చాయ్ గ్లాసుతోనే దిగింది, ముందుకు నడిచింది, వంగింది, కొంగుతో ఒక్కొక్క బొట్టూ తుడిచేసింది. తుడిచినా పోని పసుపును గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ పోసి మరీ రుద్దింది. వెనక్కి పోయి కెమెరా కన్ను కూడా తుడిచింది. కూత ఆగిపోయింది. లక్షెట్టిపేట అంతా ఒక్కసారి నిశ్శబ్దమైనట్టనిపించింది.

"అవ్వా!" అన్నాడు జహీర్. "గీ పని జర ముందు చేస్తే ఏం పోతుండె?"

"నన్ను ఎవలన్న అడిగిండ్రా? నాకు తోవ పొంటి చెవులు గిల్లుమంటున్నయ్. కుంకుమ పడనోళ్లు మనుషులల్ల ఉండరా, మొఖమంత దద్దుర్లొస్తయ్. గట్లనే దీనికి గూడ పడలే. పడకపోతే తుడవాలె గని, గంతసేపు ఇద్దరు దాని ముంగట కూసోని దండం పెడుతున్నరేందీ?"

పద్మలత ఇక దగ్గలేకపోయింది. బానెట్ మీద తల ఆనించి నవ్వింది. అంబ్రీన్ కింద కూలబడి నవ్వింది. చివరికి జహీర్ కూడా నెత్తి కొట్టుకుంటూ నవ్వాడు. "ఎనభైకి అయ్యే బేరం అక్కా! అవ్వ కొంగు అంచుల ఉండె నా ముప్పై వేలు!"

"చెయ్యి కలిపినంక మాటుండది తమ్మీ."

తిరుగు ప్రయాణంలో కొత్త మైనాను పద్మలత నడిపింది. జహీర్ కూతురి పక్కన పాతదాంట్లో కూర్చుని, ఇక దాచుకోవాల్సిన పని లేదు గనుక, తలుపును ఆప్యాయంగా పైకెత్తి మూసుకున్నాడు. గోదావరి మీంచి గాలి వస్తుంటే శంకరవ్వ అద్దం దింపింది, ఎక్కించింది, మళ్లీ దింపింది.

"విమానమే అత్తా" అంది పద్మలత. "ఇప్పుడు చెప్పచ్చు."

"ఎరుకే. నడుపు."

ఆ రాత్రే జహీర్ కొత్త పెడల్లు బిగించాడు. సోమవారం వాటి మీద కాలు పెట్టి పద్మలత బ్యాచ్ మొదలుపెట్టింది. మొదటి శిష్యురాలు క్లచ్ తప్పుగా వదిలినా బండి ఆగలేదు. పద్మలతే తన పెడల్ నొక్కి ఆపేసి, "చూసినవా, ఆగిపోయింది, మల్ల స్టార్ట్ చెయ్" అంది.

జహీర్ ఇవ్వాల్సిన పన్నెండు వేలు ఇంకా రాలేదు.