కట్టని టాంకు కోసం పాసిర్ రిస్‌కి

ఉదయం పదింటికి క్లెమెంటిలో రైలెక్కాను. ఈ పరాయి దేశంలో మా తమ్ముడి కూతురి ఫ్లాట్‌కి వచ్చి వారమైంది, ఒంటరిగా బయలుదేరింది ఆ రోజే. నలభై ఏళ్ళ కిందట నేను ఇంజనీర్ల డ్రాయింగులను సిరాతో ఎత్తి గీసే ట్రేసర్‌గా పనిచేసిన కంపెనీ ఒక భారీ యుద్ధ టాంకు డిజైన్ చేసింది. టరెట్, అంటే ఫిరంగితో పాటు పైన గుండ్రంగా తిరిగే భాగం, సిరాతో గీసింది నేనే. చెక్క నమూనా చేసి చూస్తే అది కింది భాగంలో పట్టలేదు. కొలత తప్పు రాశావన్నారు. టాంకు కాగితం మీదే ఆగింది, నా ఉద్యోగం పోయింది. నేను గీసిన ఆ డ్రాయింగు షీటు పాసిర్ రిస్‌లో ఎవరి దగ్గరో అమ్మకానికుందని ఇంటర్నెట్‌లో చూశాను. తప్పు నిజంగా నాదేనా? అది తేలాలి.

ఆ దెబ్బతో నాకు దేన్నైనా నమ్మే అలవాటు పోయింది. తాళం మూడుసార్లు లాగి చూస్తాను. రైల్లోనూ స్టేషన్లు లెక్కపెట్టుకుంటూనే కూర్చున్నాను. పక్కనున్న కాకినాడ అమ్మాయిని రెండుసార్లు అడిగాను కూడా.

"పాసిర్ రిస్సే లాస్ట్ ఆంటీ. దాటిపోదామన్నా ట్రాక్ లేదు," అని నవ్వింది.

వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను, రైలు మారక్కర్లేదు, స్వెటరు మాత్రం మరవకండి. రైల్లో ఏసీ చలి చంపేస్తుంది.

పదకొండుంబావుకి షీటు అమ్మకానికి పెట్టిన ఖాదర్ గారి ఫ్లాట్ చేరాను. హైదరాబాదీ, పాత ఇంజనీరింగ్ కాగితాలు సేకరిస్తారు. షీటు నకలేమోనని నాకు అనుమానం, ఎక్కడ పాడుచేస్తానోనని ఆయనకు.

"చేతులు తుడుచుకోండి ఆంటీ. అసలు మాల్, జిరాక్స్ కాదు."

"అసలైతే వెలుతురుకి పట్టండి, చూద్దాం."

మా రోజుల్లో అంకె తప్పితే బ్లేడుతో గీకి, ఆ చోటు గోటితో రుద్ది నున్నగా చేశాకే మళ్ళీ రాసేవాళ్ళం. రుద్దకపోతే సిరా పాకుతుంది. కిటికీ దగ్గర పట్టగానే టరెట్ కొలత కింద కాగితం పల్చగా కనిపించింది. ఎవరో గీకారు, రుద్దలేదు. సిరా అంచుల్లోకి పాకింది. అక్కడ రాసిన ఏడుకి నడుమ అడ్డగీత. మా ఆఫీసులో ఏడుకి అడ్డగీత పెట్టే మనిషి ఒక్కడే. నన్ను ఇంటికి పంపిన చీఫ్.

"ఓరి దుర్మార్గుడా!" అన్నాను.

ఖాదర్ గారు ఉలిక్కిపడి షీటు వెనక్కి లాక్కున్నారు. "నేనేం చేసిన్నమ్మా?"

జరిగిందంతా చెప్పాను. ఆయన తనూ షీటును కిటికీ వెలుతురుకి పట్టి ఆ ఏడు చూశారు. "పట్టుకోండి ఆంటీ, మీ చేతి పనే కదా," అంటూ షీటు నాకిచ్చారు. ఈసారి చేతులు తుడుచుకోమనలేదు. చాయ్ తాగించి, ఫోటో తీసుకోనిచ్చారు.

రెండింటి రైల్లో తిరిగొచ్చాను. కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. నలభై ఏళ్ళు అందరికంటే ఎక్కువగా నా చేతినే అనుమానించాను. తర్వాత ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి జురాంగ్ ఈస్ట్. క్లెమెంటి దాటిపోయింది. నవ్వొచ్చింది. ఈ తప్పు మాత్రం ముమ్మాటికీ నాదే.