చోటు తెలియని మూడు పిట్టలు

ముప్పై దాటాక గాని నాకు అక్షరాలు రాలేదు. అంతకుముందు రాలేదని సిగ్గుపడిందీ లేదు. కొల్లేట్లో దోనె తోసేవాడికి, వల వేసేవాడికి అక్షరాలతో పనేముంది? పని పడింది పందొమ్మిది వందల యాభైల్లో, ఒక పెద్దమనిషి ఏడాది కష్టాన్ని నా చేతులతో నేను కలగాపులగం చేశాక.

ఏలూరు కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మాస్టారు ఆయన. సెలవొస్తే మా లంకకి వచ్చి నా దోనె మాట్లాడుకునేవారు. గోరింకల్నీ, పిగిలిపిట్టల్నీ తుపాకీతో కొట్టి, లోపలి మాంసం తీసేసి, మందు రాసి, దూది కూరి కుట్టేవారు. కూరకి కాకుండా పిట్టని కొట్టే మనిషిని చూడటం నాకదే మొదలు. కాస్త తిక్క మనిషనుకున్నాను. తాడేపల్లిగూడెం పైన ఎర్రమట్టి మెట్టకి కూడా రైల్లో వెళ్ళి ఇవే పిట్టల్ని కొట్టుకొస్తున్నారని తెలిశాక ఇక ఉండబట్టలేదు.

"అవే పిట్టలు కదండీ మాస్టారూ! అక్కడొకసారి, ఇక్కడొకసారి ఎందుకండీ ఈ తిరుగుడు?"

ఆయన దోనెలో సర్దుకు కూర్చున్నారు. "నడిసముద్రంలో ఒక దీవి ఉందనుకో. గాలివానకి నాలుగు పిట్టలు కొట్టుకుపోయి అక్కడ పడ్డాయి. వెనక్కి రాలేవు. అక్కడ దొరికేవి గట్టి గింజలే. ముక్కు గట్టిదైతే బతుకుతుంది, లేకపోతే చస్తుంది. బతికినవాటి పిల్లలకి ఆ ముక్కే వస్తుంది. అలా వేల తరాలు. రంగు మారుతుంది, కూత మారుతుంది. ఎప్పుడో ఒకనాడు పాత చోటి పిట్టలొచ్చి వీటి పక్కన వాలినా జత కట్టవు. అప్పటికి అది వేరే జాతి అయిపోయిందన్నమాట."

"మరి మా లంకకీ మెట్టకీ మధ్య సముద్రం లేదే! రెక్కలున్నదానికి కొల్లేరొక లెక్కా?"

ఆయన గట్టిగా నవ్వారు. "మంచి ప్రశ్న వేశావయ్యా. లెక్క కాకపోవచ్చు. కొత్త జాతి దొరుకుతుందని నేను రాలేదు. ఆవగింజంత తేడా అయినా మొదలైందేమో కొలిచి చూద్దామని."

ఆ కొలతలూ పిట్టలూ పట్టుకుని మద్రాసులో తన గురువుగారి దగ్గరికి వెళ్ళాలి. వారం ముందు పెట్టె మోసుకుని నేనూ ఏలూరులో ఆయన ఇంటికి వెళ్ళాను. పెట్టెలో రెండు మూటలు, ఒక్కోదానికి గుచ్చిన ఒక్కో చీటీ. ఆయన స్నానానికి వెళ్ళారు. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు.

మా రేవులో ఒక పద్ధతుంది. ఎవరు ఏ మూల పట్టినా చేపలన్నీ ఒకచోట పోసి, కొర్రమీను ఒక గంపలోకి, జెల్లలు ఒక గంపలోకి ఏరతాం. అవి ఎక్కడివని ఏ వర్తకుడూ అడగడు. నేనూ అదే చేశాను. రెండు మూటలూ విప్పి, గోరింకలన్నీ ఒకవైపు, పిగిలిపిట్టలన్నీ ఒకవైపు పేర్చాను. చీటీలు ఎగిరిపోకుండా వాటి మీద గ్లాసు కూడా పెట్టాను.

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏ మూటలోవి ఏవి?" అన్నారు, చాలా మెల్లగా.

"ఇవి గోరింకలండీ, అవి..."

"అది నాకూ తెలుసు. లంకవేవి, మెట్టవేవి?"

అప్పుడు అర్థమైంది నాకు. చోటు తెలియకపోతే అది ఉత్త దూది కూరిన పిట్టే. తిడతారేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. "తప్పు నాదే. ప్రతి పిట్ట కాలికీ చీటీ కట్టాల్సింది. బద్ధకించాను," అన్నారు.

నేను పిట్టల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. గోరింక నేల మీద నడిచి తినే పిట్ట. గోళ్ళ సందున ఎర్రమట్టి ఉంటే మెట్టది, నల్లమట్టి ఉంటే మాది. పిగిలిపిట్టలతోనే చిక్కొచ్చింది, అవి కొమ్మ దిగవు. కానీ లంకలో పిగిలిపిట్టల్ని కుట్టేటప్పుడు ఆయన దూది అయిపోతే జమ్ముకంకుల దూది తెచ్చిచ్చింది నేనే. పొట్ట కుట్టు సందులో చూస్తే తెలుస్తుందండీ అన్నాను. ఆయన నోరు తెరిచి నన్ను చూశారు. మధ్యాహ్నం భోజనం మాట ఇద్దరికీ గుర్తు లేదు. సాయంత్రానికి అన్నీ తేలాయి, ఏ గుర్తూ దొరకని మూడు తప్ప.

"ఈ మూడూ మెట్టవే అనేసుకోండి. ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుందిగా!" అని ఆ మూడింటికీ చీటీలు కట్టారు. ఏం రాశారని అడిగితే చదివి వినిపించారు: చోటు తెలియదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "చేపలనుకున్నావా ఏంటయ్యా ఏరడానికి?" అని వారం రోజులు దెప్పింది.

మద్రాసు నుంచి వస్తూనే ఆయన తిన్నగా మా లంకకి వచ్చారు. దోనెలో కాలు పెట్టకముందే అడిగాను, తేడా దొరికిందా అని.

"లేదు. నువ్వన్నదే నిజం. కొల్లేరు వాటికి అడ్డు కాదు."

"ఏడాదంతా తిరిగి తేల్చింది ఇదా అండీ!"

"ఇదే. లేదని తేలడం కూడా తేలడమే." ఆ మాటలో బాధ వెతికాను, దొరకలేదు. "మా గురువుగారు ముందు ఆ మూడు చీటీలే చదివారయ్యా. తెలియదని రాశావు కాబట్టి తక్కినవి నమ్ముతున్నానన్నారు."

ఇంతమందిని చూశాను గాని, తెలియనిదాన్ని తెలియదని రాసిపెట్టి, పెద్దల ముందు పెట్టిన మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ రోజే వేట ముగించుకుని వచ్చాక దోనె గుంజకి కట్టేసి అడిగాను, మా లంక పేరు రాయడం నేర్పమని. ఆయన పెన్సిలూ చీటీ నా చేతికిచ్చారు. ఆ ఒక్క పేరుకి పొద్దుగూకేదాకా పట్టింది. అక్షరాలు గట్టు తెగినట్టు వంకరపోయాయి. ఆయన దాన్ని దిద్దలేదు. అప్పుడే కుట్టి ముగించిన గోరింక కాలికి కట్టేశారు.